మెట్లబండ మీద ఆడపిల్లల రేసు

ఆరు కొండ సైకిళ్లు మా హైస్కూలుకు వచ్చి ఏడాది దాటినా ఎవరూ వాటి ప్లాస్టిక్ కవర్లు విప్పలేదు. గేర్లు, వెడల్పు టైర్లు, ముందు షాక్ అబ్జార్బర్లు, డిస్కు బ్రేకులు అన్నీ ఉన్నాయి. క్రీడల పథకం కింద వచ్చిన సరుకు అది. హెడ్మాస్టరు గారు వాటిని స్టోర్‌రూములో పెట్టించి తాళం వేసి, తాళంచెవి తన బీరువాలో దాచుకున్నారు. బయటికి తీద్దాం సార్ అని నేను అడిగిన ప్రతిసారీ ఒకటే మాట.

"తనిఖీకి వచ్చినోళ్లు చూస్తారమ్మా. గీతలు పడితే నేనేం జెప్పాల?"

మీలో కొత్తగా వ్యాయామ ఉపాధ్యాయులుగా చేరినవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, పిల్లలకు కోచింగ్ ఇవ్వడంలో మీకు దొరికిన తృప్తి ఏమిటి మేడమ్ అని అడుగుతుంటారు. మీరు ఎలాంటి జవాబు కోరుకుంటారో నాకు తెలుసు. అద్దాల బీరువాలో కప్పులు, గోడ మీద ఫొటోలు. ఆ సైకిల్ జట్టుకు సంబంధించి నా దగ్గర అవేమీ లేవు. చెప్పడానికి జరిగింది మాత్రం ఉంది. చెబుతుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ కోపంలో సగం నా మీద నాకే కాబట్టి మీరు నొచ్చుకోవలసిన పని లేదు.

మా ఊరు బేస్తవారిపేట నుంచి గిద్దలూరు పోయే దారిలో ఉంటుంది. స్కూలు వెనక పొలాలు దాటితే ఒక రాతిగుట్ట. అడవి హద్దుకు ఇవతలే ఉంది కనుక అక్కడ తిరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అప్పుడే జిల్లాను విడగొట్టారు. చీరాల అటు, కందుకూరు ఇటు పోయి, మిగిలినదాన్ని కొత్త ప్రకాశం అంటున్న రోజులు. జిల్లా జట్టంటే అంతకుముందు సముద్రం వైపు పిల్లలే. ఎంపికలప్పుడు మా పడమటి పిల్లలు మంచినీళ్లు అందించి వచ్చేవాళ్లు. వాళ్లు వేరే జిల్లాలకు పోవడంతో మాకు మొదటిసారి సందు దొరికింది. ఆ సందులో దూరడానికి మా దగ్గర ఉన్నవి స్టోర్‌రూములో ఆ ఆరు సైకిళ్లు.

తాళం తీసింది మా అటెండరు. ఆయన దగ్గర రెండో తాళంచెవి ఉందని పన్నెండేళ్లు ఒకే స్కూల్లో పనిచేసినా నాకు తెలియదు. దసరా సెలవుల్లో ఒకరోజు నన్ను పిలిచి, "తుప్పు పట్టకుండా గాలికి పెడతన్నా మేడమ్. మీరు చూసుకోండి," అని తలుపు తెరిచి టీకి పోయాడు. సెలవులు అయిపోయేసరికి ఆరు సైకిళ్లకూ గీతలు పడ్డాయి. హెడ్మాస్టరు గారు చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "సరే, ఏదన్నా బహుమతి తెండి మరి," అన్నారు.

నలుగురు ఆడపిల్లలు, నలుగురు మగపిల్లలు. వంతులవారీగా తొక్కేవాళ్లు. కొండ సైకిలు సంగతి నాకూ కొత్తే. నేను ఖోఖో మనిషిని. గేర్లు ఎలా మార్చాలో పిల్లల కంటే ఒక రోజు ముందు నేర్చుకుని చెప్పేదాన్ని. గుట్ట ఎక్కే దారి ఎర్రమట్టి, అది కాళ్ల బలంతో అయిపోతుంది. దిగేటప్పుడే కష్టం. దిగుడు మధ్యలో ఒక పెద్ద బండ ఉంది. మూడు మెట్లుగా విరిగి ఉంటుంది. పిల్లలు దాన్ని మెట్లబండ అనేవాళ్లు. ఆ మెట్ల మీద సీటులో కూర్చుంటే ముందుకు ఎగిరిపడటం ఖాయం. పెడళ్ల మీద లేచి నిలబడి, బరువు వెనక్కి వేసి, ముందు బ్రేకు వదిలేసి దిగాలి. భయపడ్డ మనిషి చేసే మొదటి పని బ్రేకు పట్టుకోవడం. అందుకే అక్కడ అందరూ పడేవాళ్లు.

అక్కడ ఎలా దిగాలో నాకు నేర్పింది ఒక తొమ్మిదో తరగతి పిల్ల. అర్ధవీడు దగ్గరి పల్లె. అమ్మా నాయనా మిరప కోతలకు గుంటూరు వైపు పోతే హాస్టల్లో ఉండి చదువుకునేది. సెలవులకు ఇంటికి పోతే మేకల వెనక తిరుగుడే. మెట్లబండ దగ్గర నేను పుస్తకంలో చదివింది చెబుతుంటే, ఆ పిల్ల కాసేపు విని, "మేకలు ఇట్ల నిలువునా దిగవు మేడమ్. ఎడమకు జరిగి, ఏటవాలుగా దిగుతాయి. అట్ల పోయి చూస్తా," అంది. అట్లాగే పోయింది. పడలేదు. ఆ రోజు నుంచి అదే మా దారి.

ఇంకో పిల్ల బస్టాండు దగ్గర కిరాణా దుకాణం ఆయన కూతురు. ఇంట్లో గారాబం. మొదట్లో గుంత కనిపిస్తే దిగి సైకిలు నడిపించుకుపోయేది. కానీ మొండిది. అర్ధవీడు పిల్ల వెనకాలే చూసి చూసి, రెండు నెలలకు మెట్లబండ దిగడం నేర్చుకుంది. ఒకరోజు పొద్దున మంచు తడికి వెనక టైరు జారి అదే బండ మీద పడింది. భుజం దగ్గర కాలర్ బోన్ విరిగింది. గిద్దలూరు తీసుకుపోయి ఎక్స్‌రే తీయించి కట్టు కట్టించాం.

మరునాడు వాళ్ల నాయన స్టాఫ్‌రూముకు వచ్చాడు. మెత్తని మనిషి. బస్టాండులో ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడగా చూడలేదు. ఆ రోజు తలుపు దగ్గర నుంచే గొంతు పెంచాడు.

"మీకు పిల్లలున్నారా మేడమ్?" అన్నాడు. "ఆడపిల్లను కొండ మీద నుంచి కిందికి తోసేది ఏం ఆట? రేపు చెయ్యి వంకర పోతే మీరొచ్చి సమాధానం చెప్తారా?"

నేను ఏదో అనబోయాను. హెడ్మాస్టరు గారు నన్ను ఆపి, ఆయనకు టీ తెప్పించి, నా ముందు తెల్లకాగితం పెట్టారు. "రాసియ్యమ్మా. మన తప్పు మనం ఒప్పుకుంటే ఆయన శాంతిస్తాడు." ఆయన చెప్పారు, నేను రాశాను. ఆడపిల్లలకు ఈ కొండదారి తగినది కాదని గ్రహించాననీ, ఇకపై వారిని అక్కడికి తీసుకుపోననీ రాసి సంతకం పెట్టాను. కాగితం ఫైల్లోకి పోయింది. దుకాణం ఆయన ఇంటికి పోయాడు. ఇంక అయిపోయిందనుకున్నాను.

అదే నెలలో మా మగపిల్లవాడు ఒకడు అదే బండ మీద పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. వాళ్ల నాయన రైతు. వచ్చి కట్టు చూసి నవ్వాడు. "మగోడన్నాక తగుల్తాయిలే మేడమ్. తగ్గినాంక పంపిస్తా." ఆ పిల్లవాడి కోసం ఎవరూ నా ముందు కాగితం పెట్టలేదు. పెట్టరనే ఆలోచన కూడా అప్పట్లో నాకు రాలేదు. ఎముకలు రెండూ ఎముకలేనని నాకు తట్టడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది.

ఎముక అతుక్కున్నాక దుకాణం పిల్ల తిరిగి వచ్చింది. వాళ్ల నాయనకు ఏం చెప్పిందో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది. నా కాగితంలో ఉన్న మాట నేనే తప్పి, పిల్లల్ని మళ్లీ గుట్ట ఎక్కించాను. అది తప్పని అనుకోలేదు. ఆ కాగితం ఉన్న సంగతి మాత్రం పిల్లలకు చెప్పలేదు.

ఆ ఏడు రాష్ట్రస్థాయి పోటీలు మా గుట్ట మీద పెడతారని కబురు వచ్చింది. మా పిల్లలు ఎగిరి గంతేశారు. ప్రతి రాయీ వాళ్లకు తెలుసు. అర్ధవీడు పిల్లకు పతకం వస్తే క్రీడల పాఠశాలలో సీటుకు దారి ఉంది. దాని కోసమే ఆ పిల్ల పొద్దున అయిదుకే లేచి గుట్ట మీదికి వచ్చేది.

పోటీ ముందురోజు సాయంత్రం జట్ల మేనేజర్లకు మా స్కూల్లోనే సమావేశం పెట్టారు. నిర్వాహకుడు బయటి ఊరి మనిషి. కొత్త ట్రాక్‌సూటు, మెడలో విజిలు. దారి చూసి వచ్చాడట. మగపిల్లలకు గుట్ట మీదుగా మూడు చుట్లు, ఆడపిల్లలకు కింద చెరువుకట్ట పక్క మట్టిరోడ్డులో రెండు చుట్లు అన్నాడు.

నేను లేచి, మా ఆడపిల్లలు ఏడాదిగా ఆ గుట్టే దిగుతున్నారని చెప్పాను. ఆయన నవ్వుతూ ముందున్న ఫైలు తెరిచాడు.

"మేడమ్, ఇది మీ చేతిరాతే కదా?"

నా క్షమాపణ కాగితం. హెడ్మాస్టరు గారు జాగ్రత్త కోసం పోటీ ఫైలుతో జత చేశారట. నిర్వాహకుడు ఆ రెండు వాక్యాలు అందరి ముందూ చదివాడు. "ఇక్కడి కోచే తగినది కాదని రాసిస్తే, రేపు ఏదన్నా జరిగితే బాధ్యత ఎవరిది?" అన్నాడు. గదిలో ఇరవై మంది ఉన్నారు. ఆడవాళ్లం ముగ్గురం. మిగతా ఇద్దరూ తల దించుకున్నారు. ఒప్పుకుంటున్నట్టు సంతకాల కాగితం తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చింది. సంతకం పెట్టకపోతే జట్టునే తీసేస్తామన్నారు. పెట్టాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా చెయ్యి ఎప్పుడూ అంతే. కాగితం ముందుకు వస్తే సంతకం పెట్టడమే తెలుసు.

హాస్టలుకు పోయి, దుకాణం పిల్లను కూడా పిలిపించి, నలుగురికీ చెప్పాను.

"మేం రోజూ దిగే దోవే గదా మేడమ్," అంది అర్ధవీడు పిల్ల.

"మాకు ప్రమాదమని ఎవురు చెప్పినారు?" అంది దుకాణం పిల్ల.

"వాళ్లే," అన్నాను.

ఆ ఒక్క మాట నన్ను ఎంత తిన్నదో చెప్పలేను. ఎవడో ట్రాక్‌సూటు మనిషి మీద పెట్టుకున్న కోపం అంతా తెల్లవారేసరికి నా మీదికి తిరిగింది. పొద్దున స్టార్టింగ్ గీత దగ్గర నలుగుర్నీ పక్కకు పిలిచి నిజం చెప్పాను. ఆ కాగితం నేనే రాశాననీ, నిన్న దాన్నే చదివారనీ, నిన్న రాత్రి మీకు అబద్ధం చెప్పాననీ చెప్పాను. దుకాణం పిల్ల ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను.

"నా గురించి రాసినారా?" అంది.

"నీ గురించే."

"సరే మేడమ్," అంది. హెల్మెట్ పట్టీ బిగించుకుని గీత మీదికి పోయింది. నలుగురూ తలలు దగ్గర పెట్టి ఏదో అనుకున్నారు. నాకు వినపడలేదు.

విజిలు వేశారు. గీత దాటి యాభై గజాలు పోతే దారి చీలుతుంది. ఎడమకు చెరువుకట్ట, కుడికి గుట్ట. అన్ని జిల్లాల పిల్లలూ ఎడమకు తిరిగారు. మా నలుగురూ కుడికి తిరిగారు. వేరే జిల్లాల పిల్లలు ఇద్దరు ఒక్క క్షణం ఆగి, వాళ్ల వెనక పడ్డారు.

నిర్వాహకుడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "మీ పిల్లల్ని వెనక్కి పిలవండి. విజిలు వేయండి మేడమ్."

విజిలు నా చేతిలోనే ఉంది. నా విజిలు వినపడితే వాళ్లు ఆగుతారు. ఏడాదిగా నేర్పింది అదే. హెడ్మాస్టరు గారు కూడా వచ్చారు. "పిలువమ్మా. నీ ఉద్యోగం ఇంకా నాలుగేళ్లుంది."

"పిలవను సార్," అన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఆడపిల్లల రేసు కింద కాబట్టి, ఆ వేళకు మెట్లబండ దగ్గర ఎవరినీ పెట్టి ఉండరు. ఎవరైనా పడితే చూసే దిక్కు లేదు. నేను అడ్డదారిలో గుట్ట ఎక్కాను. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, మోకాళ్లు నొప్పులు. మా అటెండరు నీళ్ల క్యానూ మందుల పెట్టే పట్టుకుని నా వెనకాలే వచ్చాడు. ఆయన్ను రమ్మని నేను అడగలేదు.

బండ దగ్గర ఒక మనిషి ఉన్నాడు. దుకాణం ఆయన. కూతురు పడిన చోటు ఏదో చూద్దామని అంతకుముందే ఎక్కి, తుమ్మచెట్టు నీడలో కూర్చున్నాడు.

"మీరేంది మేడమ్ ఇక్కడ? ఆడపిల్లలది కింద గదా."

"మీ అమ్మాయి ఇటే వస్తంది," అన్నాను.

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక లేచి పోయి దారి మధ్యలో, బండకు సరిగ్గా కింద చేతులు చాపి నిలబడ్డాడు. పైన రాళ్లు దొర్లుతున్న చప్పుడు అప్పటికే వినిపిస్తోంది. నేను ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు గుంజాను. ఆయన కదల్లేదు.

"మీరు అడ్డముంటే బ్రేకు పట్టుకుంటది. బ్రేకు పట్టుకుంటే పడతది. పక్కకు రండి," అని అరిచాను. నా జీవితంలో ఒక పిల్ల తండ్రి మీద అరవడం అదొక్కసారే.

ఆయన పక్కకు వచ్చాడు. ముందు అర్ధవీడు పిల్ల వచ్చింది. పెడళ్ల మీద లేచి, ఎడమకు జరిగి, మూడు మెట్లూ దిగి పోయింది. ఆ వెనక ఇద్దరు. నాలుగోది దుకాణం పిల్ల. మేం ఉన్నట్టే ఆ పిల్ల చూడలేదు. కళ్లన్నీ బండ మీదే. దిగింది. మూలమలుపు తిరిగి కనపడకుండా పోయింది. ఆ తర్వాత వేరే జిల్లా పిల్ల ఒకతె బండ దగ్గర దిగి, సైకిలు చేత్తో పట్టుకుని జాగ్రత్తగా దింపుకుపోయింది. ఇంకొకతె ఎక్కుడులోనే వెనక్కి పోయిందట.

"ఇది రోజూ దిగేదా?" అన్నాడు దుకాణం ఆయన.

"రోజూ."

"రోడ్డు మీద తొక్కుతన్నానని నాతో చెప్పింది."

ఆయన నా ముఖం చూడకుండా దారిలోకి పోయి వంగి, టైర్లకు కదిలిన రాళ్లను ఒక్కొక్కటే ఏరి పక్కకు వేయడం మొదలుపెట్టాడు. రెండో చుట్టుకు దారి శుభ్రంగా ఉంది. మూడో చుట్టుకూ ఉంది. అటెండరు కూడా వంగి ఆయనతో పాటు ఏరాడు.

మూడు చుట్లూ మా నలుగురూ పూర్తి చేశారు. ఎంత టైములో చేశారని మీరు అడుగుతారు. స్టాప్‌వాచ్ నా మెడలోనే ఉంది. నొక్కడం మరిచిపోయాను. కింద గీత దగ్గర టైము రాసేవాళ్లు పుస్తకాలు మూసేశారు. ఆ పిల్లలు ఆ రోజు ఎంత వేగంగా తొక్కారో లోకంలో ఎవరి దగ్గరా రాసి లేదు. కోచ్‌గా నేను చేసిన తప్పుల్లో నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వని తప్పు అది.

తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. చెరువుకట్ట మీద తొక్కినవాళ్లకు పతకాలు ఇచ్చారు. మా నలుగుర్నీ రేసు నుంచి తొలగించి, ఏడాది పాటు పోటీలకు రావద్దన్నారు. నాకు మెమో వచ్చింది. క్రమశిక్షణ నేర్పవలసిన ఉపాధ్యాయురాలే దాన్ని ఎందుకు మీరిందో సంజాయిషీ రాయమన్నారు. ఈసారి ఎవరూ చెప్పకుండా నేనే రాశాను. క్షమాపణ అనే మాట ఎక్కడా రాయలేదు. నెల తిరక్కుండా దొనకొండకు బదిలీ చేశారు. దుకాణం ఆయన కూతుర్ని జట్టు మాన్పించాడు. బస్టాండులో కనిపిస్తే ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఆయన్ను నేను తప్పుపట్టలేను. ఆయన కూతురు ఆయనతో అబద్ధం చెప్పిందంటే, అది నేర్చుకున్నది నా దగ్గరే. అర్ధవీడు పిల్లకు క్రీడల పాఠశాల సీటు పోయింది. పది పాసై మార్కాపురంలో ఇంటర్‌లో చేరింది.

మరుసటి ఏడు పోటీలు మళ్లీ మా గుట్ట మీదే పెట్టారు. ఆడపిల్లలకు కూడా గుట్ట మీదుగానే మూడు చుట్లు. పేపర్లో పెద్ద వార్త వచ్చింది. నిర్వాహకులు అమ్మాయిల ప్రతిభను గుర్తించి సాహసోపేతమైన నిర్ణయం తీసుకున్నారని రాశారు. ఏడాది ముందు ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. నేను సెలవు పెట్టి దొనకొండ నుంచి పోయాను. అదే ట్రాక్‌సూటు మనిషి మైకులో, ఆడపిల్లలు దేనిలోనూ తక్కువ కాదని ఉపన్యాసం ఇస్తున్నాడు. అక్కడ నిలబడితే చెయ్యి చేసుకుంటానేమోనని భయపడి గుట్ట ఎక్కాను.

మెట్లబండ పక్కన అర్ధవీడు పిల్ల ఉంది. ఎత్తు పెరిగింది. చేతిలో ఎర్రగుడ్డ. పొద్దున మొదటి బస్సుకే మార్కాపురం నుంచి వచ్చిందట. తను తొక్కడానికి లేదు, నిషేధం ఇంకా రెండు నెలలుంది. దిగుతున్న ప్రతి పిల్లకూ, ఏ జిల్లా పిల్ల అని చూడకుండా, మేం ఏడాది కష్టపడి కనిపెట్టుకున్న దారి చెప్పేస్తోంది. ఆ పిల్లలు పతకాలు కొట్టుకుపోతారు. ఆ పతకాలు ఈ పిల్లకు రావలసినవి. నాకు ఒళ్లు మండింది.

"మన దారి వాళ్లకెందుకు చెప్తున్నావే?" అన్నాను.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. ఏడాది ముందు నాతో ఒక్క ఎదురు మాట అనని పిల్ల. ఇప్పుడు కళ్లలో నా కంటే ఎక్కువ కోపం ఉంది.

"వీళ్లల్లో ఒక్కతి పడినా చాలు మేడమ్," అంది. "రేపు మళ్లా అందర్నీ చెరువుకట్ట మీద తిప్పుతారు."

పైన రాళ్లు కదిలాయి. ఆ పిల్ల నన్ను వదిలేసి బండ అంచుకు పోయి, ఎర్రగుడ్డ ఊపుతూ, వస్తున్న ఎవరి బిడ్డకో గొంతెత్తి చెప్పింది.

"ఎడమకు రా. బ్రేకు వదులు. నేనున్నా, దిగు."